బల్గేరియాలో కాలనీ రెస్టారెంట్‌కి భోజనానికి వెళ్తే: ఏం అడగాలి, ఎలా తినాలి

ప్లొవ్‌దివ్, వర్నా, ప్లెవెన్ మెడికల్ యూనివర్సిటీల్లో చేరినవాళ్ళు, ఆఫీసు పని మీద సోఫియాలో కొన్ని వారాలు ఉండేవాళ్ళు, యూరప్ తిరుగుతూ అటు కూడా ఓ చుట్టు వేసేవాళ్ళు... వీళ్ళలో చాలామంది పిజ్జా, దునెర్ (రొట్టెలో చుట్టిన కాల్చిన మాంసం), గదిలో వండుకున్న అన్నంతోనే రోజులు నెట్టుకొచ్చేస్తారు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోకి బల్గేరియా పూర్తిగా వచ్చింది 2025 జనవరి 1న. అప్పటినుంచి ఒకే వీసాతో అటు వెళ్ళడం తేలికైంది కానీ, అక్కడి కాలనీ రెస్టారెంట్ గడప తొక్కడానికి మాత్రం మనవాళ్ళు ఇంకా మొహమాటపడుతున్నారు. మెనూ అర్థం కాదు, దేంట్లో ఏ మాంసం ఉందో తెలియదు, వెయిటర్ నవ్వడు.

అసలు సంగతి ఏమిటంటే, అక్కడ భోజనానికి ఒక వరస ఉంది. ఆ వరస పట్టుకుంటే టెన్షన్ ఉండదు. ముందు సలాడ్, దానితో రకీయా అనే సారాయి ఒక చిన్న గ్లాసు, బోలెడు కబుర్లు, ఆ తర్వాతే వేడి వంటకాలు. రెండు గంటలు తీరిక ఉంచుకుని వెళ్ళండి. అరగంటలో తిని లేవాలనుకుంటే ఆ భోజనంలో సగం అందం పోతుంది.

చోటు ఎలా ఎంచుకోవాలి

సోఫియాలో వితోషా బులెవార్డ్ మీద వరసగా రెస్టారెంట్లు ఉంటాయి. టూరిస్టులు ఎక్కువ కాబట్టి మెనూ ఇంగ్లిష్‌లోనే దొరుకుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అక్కడినుంచి లోపలికి నడవండి. లోజెనెత్స్, ఒబొరిష్తె లాంటి పాత ఏరియాలు సరే, మ్లాదొస్త్, ల్యూలిన్ లాంటి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ బ్లాకుల కాలనీల్లో కూడా బ్లాకుల మధ్య ఒక చిన్న రెస్టారెంట్, దాని ముందు నీడగా కట్టిన పందిరి కనిపిస్తాయి. ఆ కాలనీ వాళ్ళు రోజూ వచ్చే చోటు అదే.

బోర్డు మీద ఏ పేరుందో చూస్తే లోపల ఏముంటుందో చాలావరకు ఊహించవచ్చు. మెహనా అంటే పాత పద్ధతి భోజనశాల: చెక్క బల్లలు, ఎర్రటి నేత గుడ్డలు, మట్టి పాత్రల్లో వంట, కొన్ని చోట్ల సాయంత్రాలు పాట, వాయిద్యాలు. స్కారా-బీరా అంటే బొగ్గుల మీద కాల్చిన మాంసం, బీరు. చవక, హడావుడి, ఆడంబరం ఏమీ ఉండదు. గొస్తిల్నిత్స అంటే ఇంటి వంటకు దగ్గరగా ఉండే మామూలు భోజనం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మెహనా మంచిది. శాకాహారులు స్కారా-బీరాకి వెళ్తే సలాడ్, ఆలుగడ్డ వేపుడుతో సరిపెట్టుకోవాలి.

మంచి చోటుకి నేను చూసే గుర్తు ఒకటుంది. మామూలు పనిరోజు మధ్యాహ్నం వెళ్ళి, పెద్దవయసు దంపతులు కూర్చుని తింటున్నారా లేదా చూడండి. వాళ్ళుంటే అక్కడ వంట నిలకడగా ఉందని అర్థం. తలుపు దగ్గర చేత్తో రాసిన పలక కూడా చూడండి. దాన్ని ఒబెద్నో మెన్యూ అంటారు. పనిరోజుల్లో మధ్యాహ్నం పూట ఇచ్చే ఆ రోజు వంటలు ఇవి: ఒక సూప్, ఒక కూరో బేక్ చేసిన వంటకమో, ఒక చిన్న తీపి. మామూలు మెనూ కంటే బాగా చవక. పన్నెండు దాటగానే వెళ్ళండి. ఆలస్యమైతే మంచివన్నీ అయిపోతాయి. రాత్రి భోజనానికి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళే ముందు ఒక మధ్యాహ్నం ఇలా వెళ్ళి రుచి చూసి రావడం తెలివైన పని.

శుక్ర, శనివారాల రాత్రుళ్ళకు ముందే టేబుల్ చెప్పుకోవాలి. ఫోన్లో భాష ఇబ్బందైతే సాయంత్రం అటు వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళి ఎంతమందో, ఎన్ని గంటలకో వేళ్ళతో చూపించినా సరిపోతుంది. మే 6న గెర్గ్యోవ్‌దెన్, డిసెంబర్ 6న నికుల్‌దెన్ వస్తాయి. మొదటిది గొర్రెపిల్ల మాంసం వండే పండుగ, రెండోది చేపల పండుగ. ఆ రోజుల్లో బుక్ చేయకుండా వెళ్తే కుర్చీ దొరకడం కష్టం.

ఒక్క మాట సిగరెట్ల గురించి. 2012 జూన్ నుంచి రెస్టారెంట్ల లోపల పొగ తాగడం నిషేధం. అందువల్ల తాగేవాళ్ళందరూ బయట పందిరి కింద చేరతారు. చిన్నపిల్లలతో, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళతో వెళ్తే, బయట ఎంత చల్లగా హాయిగా ఉన్నా లోపలే కూర్చోండి.

లోపలికి వెళ్ళాక: తల ఊపవద్దు, నోటితో చెప్పండి

బల్గేరియన్లు ‘అవును’ అన్నప్పుడు తల అడ్డంగా ఆడిస్తారు. ‘కాదు’ అనాలంటే గడ్డం పైకెత్తుతారు, ఒక్కోసారి నాలుకతో చిన్న చప్పుడు కూడా చేస్తారు. మనకి ఇది సరిగ్గా తలకిందులు. దీనికి తోడు, విదేశీయులతో అలవాటున్న వెయిటర్లు మనకోసం మన పద్ధతిలోకి మారిపోతారు, అప్పుడు గందరగోళం రెట్టింపవుతుంది. ‘ఇంకో ప్లేటు కావాలా?’ అని అడిగినప్పుడు మీరు వద్దని తల అడ్డంగా ఆడిస్తే ఆ ప్లేటు వచ్చేస్తుంది. అందుకే తల కదపకుండా ‘దా’ అంటే అవును, ‘నే’ అంటే కాదు అని నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి.

ఇంకో నాలుగు మాటలు చాలు. లోపలికి రాగానే ‘దోబర్ దెన్’, సాయంత్రమైతే ‘దోబర్ వెచెర్’. పిలవాలంటే ‘ఇజ్వినెతే’. దయచేసి అనడానికి ‘మోల్యా’. థాంక్స్ చెప్పడానికి ‘బ్లగొదర్యా’ ఉంది కానీ రోజువారీ మాటల్లో అందరూ ‘మెర్సీ’ అనేస్తారు, మీరూ అదే అనండి. చిటికె వేయడం, ‘హలో’ అని గట్టిగా పిలవడం వద్దు. చూపు కలిపి చెయ్యి కొంచెం ఎత్తితే వస్తారు.

వెయిటర్ ముఖంలో నవ్వు కనిపించకపోతే మనసు కష్టపెట్టుకోకండి. అక్కడ సర్వీసు సూటిగా ఉంటుంది; మాటిమాటికీ వచ్చి అంతా బాగుందా అని అడగరు. మీరు నాలుగు బల్గేరియన్ మాటలు కూడబలుక్కుని చెబితే మాత్రం ఆ ముఖం వెంటనే మారుతుంది.

మెనూ చదవడం

అక్షరాలు సిరిలిక్. కొన్ని ఇంగ్లిష్ అక్షరాల్లాగే కనిపించి మోసం చేస్తాయి. ఇంగ్లిష్ పి లాంటిది అక్కడ ‘ర’, సి లాంటిది ‘స’, హెచ్ లాంటిది ‘న’, బి లాంటిది ‘వ’. ‘పెక్టోపాహ్ట్’ అని చదవాలనిపించే బోర్డు నిజానికి ‘రెస్తొరాంత్’. అక్షరాలు ముప్పయ్యే. విమానంలో కూర్చుని నేర్చుకోవచ్చు, నేర్చుకోండి కూడా. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు కానీ, వంటకాల పేర్లను అది చిత్రమైన మాటలుగా మార్చేస్తుంది. పేరు చదవగలిగితే కింద చెప్పబోయేవన్నీ మీరే గుర్తుపడతారు.

ప్రతి వంటకం పక్కనా గ్రాముల్లో బరువు రాసి ఉంటుంది. దీన్ని తప్పకుండా చూడండి. సలాడ్ పక్కన 350 అని ఉంటే అది ఇద్దరికి సరిపోయే గుట్ట. గ్రిల్ మాంసం పక్కన తక్కువ అంకె ఉంటే అది ఒక్క ముక్క బరువు. ఎన్ని ముక్కలు కావాలో మీరే చెప్పాలి. బ్రెడ్డు, మాంసం పక్కన వచ్చే ఆలుగడ్డలో కూరముక్కలో చాలా చోట్ల విడిగా అడిగి, విడిగా డబ్బు కట్టాల్సినవి. మంచినీళ్ళు కూడా అంతే, సీసాలో కొనుక్కోవాలి.

ధరలు యూరోల్లో చూడండి. 2026 జనవరి 1న బల్గేరియా యూరోకి మారింది. అంతకుముందున్న డబ్బు లెవ్. ఒక యూరోకి 1.95583 లెవ్ చొప్పున లెక్క కట్టారు. 2026 ఆగస్టు దాకా రెండు ధరలూ చూపించాలన్నది నియమం. అందుకే ఏదైనా మెనూలో రెండు అంకెలు కనిపిస్తే చిన్నది యూరో అనుకోండి, దాదాపు రెట్టింపు ఉన్నది పాత లెవ్.

అలర్జీ ఉన్నవాళ్ళు అడగడానికి వెనుకాడవద్దు. పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల వివరం కస్టమర్‌కి ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ చట్టం ఉంది. అక్రోటు పడనివాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. పెరుగుతో చేసే చాలా వంటకాల్లో అది ఉంటుంది.

మొదట సలాడ్, దానితో రకీయా

ఇక్కడ తొందరపడవద్దు. అన్నీ ఒకేసారి ఆర్డర్ చేయాల్సిన పని లేదు. ముందు సలాడ్, తాగడానికి ఏదైనా చెప్పండి. మిగతాది మళ్ళీ చెబుతామనండి. చుట్టూ ఉన్న బల్లల వైపు చూస్తే అందరూ చేస్తున్నది అదే.

షోప్స్కా సలాడ్‌తో మొదలుపెట్టండి. టమాటా, కీరా, ఉల్లి, క్యాప్సికం లాంటి మిరప (పచ్చిదో కాల్చినదో), పైన తురిమిన సిరెనే, అంటే ఉప్పునీటిలో ఊరబెట్టిన తెల్ల చీజ్. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. వాళ్ళ జెండా రంగులే. ఏ పల్లెలోనో తరతరాలుగా వస్తున్న వంటకం అనుకుంటాం కానీ, ఈ రూపంలో ఇది 1950ల్లో ప్రభుత్వ టూరిజం సంస్థ బాల్కన్‌టూరిస్ట్ రెస్టారెంట్లలో పుట్టింది. ఈ రోజు అది లేని ఇల్లు లేదు.

ప్లేటు వచ్చినప్పుడు చీజ్ పైన మంచులా గుట్టగా ఉంటుంది, కింద కూరముక్కలకు నూనె, ఉప్పు సరిగ్గా పట్టి ఉండవు. బల్ల మీద నూనె, వెనిగర్ సీసాలుంటాయి. లేకపోతే అడగండి. ముందు చీజ్ ముక్క కొంచెం నోట్లో వేసుకుని ఎంత ఉప్పగా ఉందో చూడండి, ఎందుకంటే సిరెనేలోనే చాలా ఉప్పుంటుంది. తర్వాత నూనె ధారగా, వెనిగర్ కొంచెం వేసి కింద నుంచి పైకి కలపండి. అయిదు నిమిషాలు ఆగితే టమాటా రసం, నూనె, కరిగిన చీజ్ కలిసి అడుగున తెల్లటి, గులాబీ రంగు పులుసులా చేరుతుంది. సలాడ్ అయిపోయాక బ్రెడ్డు ముక్క తుంచి దాంట్లో అద్దుకుని తినాలి. బల్గేరియన్లు కూడా ప్లేటు తుడిచేలా తింటారు. ఎవరైనా చూస్తారేమోనని ఆగకండి. నన్నడిగితే ఆ భోజనం మొత్తంలో అత్యంత రుచికరమైన ముద్ద అదే.

జులై నుంచి సెప్టెంబర్ దాకా టమాటాలు బాగుంటాయి. గులాబీ రంగులో ఉండే పెద్ద, కండగల టమాటా దొరికే కాలం అది. చలికాలంలో షోప్స్కా అడిగితే ఇస్తారు కానీ టమాటాలో రుచి ఉండదు. అప్పుడు తుర్షీయా అడగండి: కాలీఫ్లవర్, క్యారెట్, మిరపకాయలు వేసిన వాళ్ళ ఊరగాయ. లేదా కీసెలో జెలె, అంటే పులియబెట్టిన క్యాబేజీ. పైన నూనె, ఎర్ర కారప్పొడి చల్లి ఇస్తారు, కారప్పొడి రంగుకే గానీ కారానికి కాదు.

ఇంకో రెండు సలాడ్‌లు గుర్తుపెట్టుకోండి. స్నెజాంకా: నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగులో కీరా, వెల్లుల్లి, సోయికూర, అక్రోటు. క్యోపొలూ: కాల్చిన వంకాయ, కాల్చిన మిరప, వెల్లుల్లి కలిపి నూరినది. ఇంట్లో అమ్మ నిప్పుల మీద వంకాయ కాల్చి పచ్చడి చేస్తే వచ్చే వాసనే ఇది, చింతపండు, పచ్చిమిరప మాత్రం ఉండవు. ఒవ్‌చార్స్కా అన్న సలాడ్ షోప్స్కాలాగే కనిపిస్తుంది కానీ అందులో గుడ్డు, పుట్టగొడుగులతోపాటు పంది మాంసం కూడా వేస్తారు. శాకాహారులు పేరు చూసి జాగ్రత్తపడాలి.

రకీయా సంగతి. ద్రాక్షతో, ప్లమ్ పండుతో, ఆప్రికాట్‌తో చేసే సారాయి ఇది. ఆల్కహాల్ మామూలుగా 40 శాతం దాకా ఉంటుంది. ‘మల్కా’ అంటే 50 మిల్లీలీటర్లు, ‘గొల్యామా’ అంటే 100. మొదటిసారి మల్కా చాలు. చల్లగా ఇస్తారు. దీన్ని ఒక్క గుక్కలో గటగటా తాగరు. సలాడ్ ఒక ముద్ద, రకీయా ఒక చుక్క, మళ్ళీ కబుర్లు. ‘నజ్ద్రావె’ అని గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, గ్లాసు వైపు కాదు. తాగనివాళ్ళు ‘నే, మెర్సీ’ అని ఐరాన్ అడగండి. అది పెరుగులో నీళ్ళు కలిపి చిలికినది. ఎవరూ బలవంతం చేయరు. తాగినవాళ్ళు ఇంటికి టాక్సీలో వెళ్ళండి.

శాకాహారులు ఏం తినాలి

అక్కడ మాంసం లేకుండా ఏం దొరుకుతుంది అని భయపడేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: పాలు, పెరుగు, చీజ్, మిరప, బీన్స్ మీద నడిచే వంట అది. అడగడం తెలియాలి, అంతే. ‘బెజ్ మెసో’ అంటే మాంసం లేకుండా. కానీ ఈ ఒక్క మాటతో ఆగిపోకండి. మాంసం ముక్కలు లేకపోతే చాలనుకుని మాంసం రసంతో చేసిన సూప్ ఇచ్చే ప్రమాదం ఉంది. ‘బెజ్ మెసో, బెజ్ షుంకా, బెజ్ కైమా’ అని విడివిడిగా చెప్పండి. షుంకా అంటే పంది మాంసం హామ్, కైమా అంటే ఖైమా.

వేసవిలో తరాతోర్ తప్పక అడగండి. పలచని పెరుగులో సన్నగా తరిగిన కీరా, వెల్లుల్లి, సోయికూర, అక్రోటు, కొంచెం నూనె వేసి చల్లగా ఇచ్చే సూప్. కొన్ని చోట్ల గ్లాసులో కూడా ఇస్తారు. ఎండలో నడిచి వచ్చినవాడికి ప్రాణం లేచి వస్తుంది. చలికాలంలో బోబ్ చోర్బా: తెల్ల బీన్స్, క్యారెట్, టమాటా, పుదీనా జాతి ఆకు వేసి మెత్తగా ఉడికించిన సూప్. ఇందులో కొన్ని చోట్ల నదెనిత్స అనే పంది సాసేజ్ వేస్తారు, అడిగి తీసుకోండి.

వేడి వంటకాల్లో సిరెనే పో షోప్స్కి ఒకటి: మూత ఉన్న చిన్న మట్టి పాత్రలో చీజ్, టమాటా, మిరప వేసి, పైన గుడ్డు కొట్టి బేక్ చేస్తారు. పాత్ర నిప్పులాంటి వేడితో వస్తుంది, మూత చేత్తో ముట్టుకోకండి. మిష్‌మాష్ అంటే గుడ్లు, మిరప, టమాటా, సిరెనే కలిపి చేసిన పొరటు. చుష్కి బ్యురెక్ అంటే కాల్చి తొక్క తీసిన మిరపల్లో చీజ్ కూరి, గుడ్డులో ముంచి వేయించినవి. మూడింట్లోనూ గుడ్డుంది. గుడ్డు తినని అమ్మానాన్నలు పిల్లల్ని చూడటానికి వచ్చినప్పుడు ఇవి పనికిరావు. వాళ్ళకోసం వేయించిన సొరజాతి కాయ ముక్కలు, పైన వెల్లుల్లి పెరుగు (తిక్విచ్కి అని అడగండి), సిరెనే తురిమిన ఆలుగడ్డ వేపుడు, క్యోపొలూ, పర్లెంకా చెప్పండి. తిక్విచ్కికి ఒక్కోసారి గుడ్డు పూత వేస్తారు కాబట్టి ‘బెజ్ యైత్సా’, అంటే గుడ్డు లేకుండా అనండి.

పర్లెంకా గురించి వేరే చెప్పాలి. పల్చగా ఒత్తి నిప్పు మీద కాల్చిన రొట్టె. వెన్నో, వెల్లుల్లో, చీజో పూసి ఇస్తారు. దానితో షారెనా సోల్ అడగండి. చుబ్రిత్స అనే వాసనగల ఆకు, ఎర్ర మిరపపొడి, ఉప్పు కలిపిన పొడి అది. వేడి రొట్టె ముక్క వెన్నలో అద్ది, ఆ పొడిలో అద్ది తినండి. మామూలు బ్రెడ్డు కంటే ఇది ఎప్పుడూ మేలు.

ఒక ముఖ్యమైన విషయం ‘పోస్ట్నో’. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస భోజనం ఇది: మాంసం, గుడ్లు, పాలు ఏవీ ఉండవు. ఈస్టర్‌కి ముందు వారాల్లో, నవంబర్ 15 నుంచి డిసెంబర్ 24 దాకా ఉపవాస కాలాలు. అప్పుడు చాలా రెస్టారెంట్లు ప్రత్యేకంగా పోస్ట్నో వంటలు పెడతాయి: బియ్యం కూరిన ద్రాక్షాకు చుట్టలు, బీన్స్ కూరిన ఎండు మిరపలు, బీన్స్ సూప్, పుట్టగొడుగుల కూర. మిగతా నెలల్లో కూడా కొన్ని చోట్ల ఒకటి రెండు దొరుకుతాయి. చీజ్ తయారీలో పాలు విరగడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడే అవకాశం ఉంది కాబట్టి అది కూడా పట్టించుకునేవాళ్ళకి పోస్ట్నో వంటలే అసలైన దారి. ఒకటి మాత్రం ముందే ఒప్పుకోవాలి: చిన్న రెస్టారెంట్లలో వేయించే నూనె, గ్రిల్ అందరికీ ఒకటే. పూర్తి నిష్ఠ ఉన్నవాళ్ళు వేయించినవి, కాల్చినవి వదిలేసి సలాడ్, తరాతోర్, మట్టి పాత్రలో వండినవి తీసుకోండి.

మాంసం తినేవాళ్ళకి

నాలుగు పేర్లు గుర్తుపెట్టుకుంటే తగాదా లేదు. స్వీన్స్కో పంది, తెలెష్కో దూడ/ఎద్దు మాంసం, పీలెష్కో కోడి, ఆగ్నెష్కో గొర్రెపిల్ల. గొర్రె మాంసం వసంతంలో తప్ప అన్ని చోట్లా దొరకదు. పంది మాంసం మాత్రం ఎక్కడ చూసినా ఉంటుంది. కెబాప్చె, క్యుఫ్తె గ్రిల్‌లో అందరూ తినేవి. కెబాప్చె పొడుగ్గా, జీలకర్ర వాసనతో ఉంటుంది. క్యుఫ్తె గుండ్రంగా, ఉల్లి వేసి చేస్తారు. రెండూ మామూలుగా పంది, ఎద్దు మాంసం కలిపిన ఖైమాతో చేసేవి. ఈ రెండింట్లో ఏది తినకపోయినా వీటి జోలికి వెళ్ళకండి. పీలెష్కో షిష్ అడగండి, పుల్లలకు గుచ్చి కాల్చిన కోడి ముక్కలు వస్తాయి.

నలుగురు వెళ్తే ఒక మెషనా స్కారా, అంటే అన్ని రకాల గ్రిల్ కలిపిన పెద్ద ప్లేటు మధ్యలో పెట్టుకోవచ్చు. పక్కన ల్యూతెనిత్స అడగండి: ఎర్ర మిరప, టమాటా ఉడికించి చిక్కగా చేసిన ముద్ద. కారం ఉండదు, తియ్యగా, కమ్మగా ఉంటుంది. కవర్మా అంటే మట్టి పాత్రలో ఉల్లి, మిరప, పుట్టగొడుగులతో నెమ్మదిగా వండిన మాంసం. కోడితో చేసినది దొరికితే మనవాళ్ళకి బాగా నచ్చుతుంది.

కారం కావాలంటే ‘ల్యూతి చుష్కి’ అడగండి, కారపు మిరపకాయలు విడిగా తెచ్చిస్తారు. మెనూలో ష్కెంబే చోర్బా కనిపిస్తే అది బోటీ సూప్. పాలు, వెన్న వేసి తెల్లగా కాచి, బల్ల మీదే వెల్లుల్లి వెనిగర్, ఎండుమిరప పొడి మీ ఇష్టం వచ్చినంత వేసుకోమంటారు. బోటీ ఇష్టపడే తెలుగువాళ్ళకి ఆ దేశంలో నోటికి తగిలే కారం అక్కడే దొరుకుతుంది. పొద్దున్నే తాగేవాళ్ళు ఎక్కువ.

వంటకాలు ఎప్పుడొస్తాయి

వంటింట్లో ఏది ముందు అయితే అది ముందు వస్తుంది. మీ సూప్ రాగానే మీ స్నేహితుడి మాంసం కూడా రావాలని లేదు. ఒకళ్ళు తినడం అయిపోయాక ఇంకొకళ్ళ ప్లేటు రావడం అక్కడ సహజం. దీనికి చిరాకుపడకుండా ఉండటానికి దారి ఒక్కటే: అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోండి. ఖాళీ చిన్న ప్లేట్లు అడిగితే ఇస్తారు. పిల్లలకి ఆకలిగా ఉంటే వాళ్ళ సూప్, ఆలుగడ్డలు సలాడ్‌తోపాటే తెమ్మని ముందే చెప్పండి.

ఆఖరున తీపి కోసం పెద్దగా వెతక్కండి. తేనె, అక్రోటు వేసిన గట్టి పెరుగు ఉంటే అదే తీసుకోండి. పెరుగు తోడుకునే బాక్టీరియాని 1905లో జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియన్ వైద్యుడు స్తామెన్ గ్రిగొరొవ్ గుర్తించాడు. దాని పేరులోనే బల్గేరికస్ అని ఉంటుంది. ఆ పెరుగులోని పులుపు, చిక్కదనం పెరుగన్నం మీద పెరిగిన మనకి వెంటనే తెలుస్తాయి. బిస్కెట్ కేక్, క్రీమ్ కారమెల్ కూడా చాలా చోట్ల ఇంట్లో చేసినట్టే ఉంటాయి.

బిల్లు

మీరు అడిగేదాకా బిల్లు తీసుకురారు. తెస్తే మిమ్మల్ని లేవమన్నట్టవుతుంది కాబట్టి. ‘స్మెత్కతా, మోల్యా’ అనండి. వెంటనే, కార్డా క్యాషా అని అడుగుతారు. కార్డు చాలా చోట్ల తీసుకుంటారు, కాలనీ లోపలి చిన్న చోట్ల మాత్రం క్యాష్ దగ్గర ఉంచుకోండి. విడివిడిగా కట్టాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది. మెషిన్ నుంచి వచ్చే రసీదు ఇవ్వడం చట్టప్రకారం వాళ్ళ బాధ్యత. దాన్ని మెనూ ధరలతో ఒకసారి సరిచూసుకోండి, ముఖ్యంగా బ్రెడ్డు, నీళ్ళు ఎన్ని పడ్డాయో.

టిప్పు పది శాతం దగ్గర ఇస్తే మర్యాదగా ఉంటుంది. చిన్న బిల్లయితే పై అంకెకి సర్దేసి ఇవ్వండి. కార్డుతో కట్టినా టిప్పు నాణేల రూపంలో బల్ల మీద పెట్టడం మేలు, ఎందుకంటే చాలా మెషిన్లలో దానికి వీలుండదు. ఒక జాగ్రత్త: క్యాష్ ఇస్తూ ‘మెర్సీ’ అంటే కొన్నిసార్లు చిల్లర ఉంచుకోమన్నట్టు అర్థం చేసుకుంటారు. చిల్లర కావాలంటే అది చేతికి వచ్చాకే థాంక్స్ చెప్పండి.

మిగిలింది వదిలేయకండి. ‘జా వ్‌కష్తి’ అంటే డబ్బాలో కట్టి ఇస్తారు, డబ్బాకి కొంచెం డబ్బు తీసుకుంటారు. పర్లెంకా మర్నాడు పెనం మీద వేడి చేస్తే బాగుంటుంది. సలాడ్ మాత్రం కట్టించుకోవద్దు, నీళ్ళు కారిపోతుంది.